ముహూర్తానికి ఇవ్వని చేపలు

మా నాన్న ఏలూరులో రంగు చేపల కొట్టు తెరిచినప్పుడు చుట్టుపక్కల వాళ్ళు నవ్వారట. కొల్లేరు పక్కన ఉండి, రోజూ లారీలకి లారీలు ఐసులో చేపలు వెళ్ళే రోడ్డు మీద కూర్చుని, కూర వండుకోని చేపని డబ్బిచ్చి కొనేదెవరు అని. నాన్న ఎవరితోనూ వాదించలేదు. గోల్డుఫిష్‌లు, గప్పీలు, ఏంజెల్ చేపలు అమ్మి నన్ను డిగ్రీ చదివించారు. అందుకని నా మొండితనం ఎక్కడిదని ఎవరైనా అడిగితే నేను జవాబు వెతుక్కోనక్కర్లేదు. తేడా అల్లా, ఆయన మొండితనం నవ్వుతూ ఉంటుంది. నాది నవ్వదు.

డిగ్రీ తర్వాత సముద్రం పక్కన ఒక రొయ్య పిల్లల హేచరీలో పనిచేశాను. బయటి నుంచి తెచ్చిన తల్లి రొయ్యల్ని విడిగా ఒక షెడ్డులో పెట్టి, జబ్బు లేదని తేలేదాకా ఎవరినీ దగ్గరికి రానివ్వరు. అక్కడ నా ఉద్యోగం. చెప్పులు బయట, చేతులు కడుక్కున్నాకే లోపలికి. ఆ షెడ్డులో నాకు నచ్చిందేమిటంటే, అక్కడ బేరం ఉండదు. యజమాని వచ్చి అరిచినా సరే, రొయ్యకి జబ్బు లేదని తేలనిదే తలుపు తెరుచుకోదు. తర్వాత పెళ్ళయింది, ఉద్యోగం మానేశాను. కొన్నాళ్ళకి ఆ పెళ్ళి కూడా మానేశాను. ఏలూరు తిరిగొచ్చి నాన్న పక్కన కొట్టులో కూర్చున్నాను. ఊరికే కూర్చోవడం చేతకాక సముద్రపు చేపలు మొదలుపెట్టాను.

సముద్రపు చేపలు అమ్మేవాళ్ళు మా చుట్టుపక్కల తక్కువ. అమ్మినవాళ్ళు కూడా, పెట్టె రాగానే మూత తీసి, మూడో రోజుకల్లా చేతులు దులుపుకునేవాళ్ళు. ఆ చేప కొన్నవాడింట్లో చస్తే అది కొన్నవాడి తప్పు. నేను అలా చెయ్యనని మొదటి పెట్టె రాకముందే చెప్పేశాను. వచ్చిన ప్రతి చేపా వెనక గదిలో క్వారంటైన్ తొట్టిలో ఉండాలి. దానికి జబ్బు లేదని నాకు నమ్మకం కుదిరితేనే ముందు గదిలోకి వస్తుంది. నాన్న ఆ తొట్టికి జైలు అని పేరు పెట్టారు.

పేరుకి తగ్గట్టే ఉండేది అది. ఇసుక లేదు, రాళ్ళు లేవు, మొక్క లేదు. అడుగు కనిపించే వట్టి గాజు తొట్టి. చేపలు దాక్కోవడానికి ప్లంబర్ దగ్గర కొన్న పైపు ముక్కలు నాలుగు. మూల ఒక స్పాంజి, దానికి గాలి గొట్టం. అంతే. అంత బోడిగా ఉంచడానికి కారణం ఉంది. జబ్బుకి వేసే రాగి మందుని రాళ్ళూ ఇసుకా పీల్చేసుకుంటాయి. అలా బోడిగా ఉంచడం వల్ల ఇంకో చిక్కు వచ్చిపడుతుంది. చేప ఊపిరితో, మలంతో నీళ్ళలోకి అమోనియా వదులుతుంది. పాతబడిన తొట్టిలో రాళ్ళకి పట్టిన సూక్ష్మజీవులు దాన్ని తినేస్తాయి. బోడి తొట్టిలో ఆ పనంతా ఒక్క స్పాంజి మీద పడుతుంది. అది చాలకపోతే చేప తన మలినంలో తనే ఊపిరాడక పోతుంది. అందుకే క్వారంటైన్ అంటే చేపని కాదు, నీళ్ళని చూసుకోవడం అంటాను నేను. పొద్దున్నే లేచి కాఫీ కంటే ముందు టెస్ట్ ట్యూబులో నీళ్ళు తీసి చుక్కలు వేసి రంగు చూసేదాన్ని. పసుపు ఉంటే ఆ రోజు బాగున్నట్టు. ఆకుపచ్చ తిరిగితే నీళ్ళు మార్చాలి. ఆ మార్చే నీళ్ళు కూడా కుళాయివి కావు. ఆర్వో నీళ్ళలో సముద్రపు ఉప్పు కలిపి, డ్రమ్ములో మోటారు పెట్టి రోజంతా తిప్పి, పాత నీళ్ళకీ కొత్త నీళ్ళకీ ఉప్పదనం ఒక్కలా ఉందని చూశాకే పొయ్యాలి.

మొదట్లో ఒకసారి నాన్న నన్ను పట్టుకున్నారు. ఎండల్లో తొట్టిలో నీళ్ళు ఇంకి తగ్గితే నేను ఉప్పు కలపని నీళ్ళు పోస్తున్నాను.

"ఏంటమ్మా, ఉప్పునీళ్ళ చేపకి మంచినీళ్ళు పోస్తున్నావ్?"

"ఆవిరయ్యేది నీళ్ళే కదా నాన్నా. ఉప్పు తొట్టిలోనే ఉంది. మళ్ళీ ఉప్పునీళ్ళు పోస్తే పులుసైపోతుంది."

"మా గోల్డుఫిష్‌కి ఇన్ని చదువులక్కర్లేదు" అని ఆయన నవ్వుతూ ముందు గదిలోకి వెళ్ళిపోయారు.

ఆకివీడు చెరువుల ఆయన వచ్చేనాటికి మా సంగతి ఇది. ఆయనకి చేపల చెరువులూ రొయ్యల చెరువులూ ఉన్నాయి. రోడ్డు మీదికి కొత్త ఇల్లు కట్టుకుంటున్నాడు. హాల్లో గోడ పొడుగునా సముద్రపు తొట్టి ఉండాలన్నాడు. "నా చెరువుల్లో చేప నీటి కింద ఉంటుందండీ, కనపడదు. ఇంట్లోనన్నా కనపడాలి" అని నాన్నతో చెప్పాడు. నాన్నకి ఆ మాట బాగా నచ్చింది. నాక్కూడా నచ్చింది, అబద్ధమెందుకు. తొట్టి నేనే దగ్గరుండి పెట్టించాను. రాళ్ళు సర్దాను, నీళ్ళు కలిపాను, సూక్ష్మజీవులు పట్టేదాకా వారం వారం వెళ్ళి చూసొచ్చాను. గృహప్రవేశం ముహూర్తానికి చేపలు తొట్టిలో ఉంటాయని నాన్న ఆయనకి మాటిచ్చారు. అప్పటికి చాలా టైముంది కాబట్టి నేనూ కాదనలేదు.

చేపలు వచ్చాయి. నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న క్లౌన్ చేపల జంట, ఒక నీలం ట్యాంగ్, పసుపు రంగు సీతాకోక చేప ఒకటి. జైల్లో పెట్టాను. కొన్నాళ్ళకి ట్యాంగ్ ఒంటి మీద ఉప్పు రవ్వ చల్లినట్టు తెల్ల మచ్చలు లేచాయి. నేను కంగారు పడలేదు. ఇందుకే కదా జైలు. రాగి మందు కొద్దికొద్దిగా పెంచి, కావలసిన మోతాదుకి తెచ్చి, అక్కడ నిలబెట్టాను. ఆ మోతాదు నెల రోజులు తగ్గకుండా ఉండాలి. లెక్క చూసుకుంటే ముహూర్తానికి ముందే నెల పూర్తవుతుంది. నాన్న ఊపిరి పీల్చుకున్నారు.

ఆ నెల మధ్యలో ఒకరోజు నేను తాడేపల్లిగూడెం వెళ్ళాను. అక్కడ ఒక పిల్లల డాక్టరు గారి క్లినిక్కులో సముద్రపు తొట్టి ఉంది. పిల్లలు ఏడవకుండా పెట్టుకున్నారు. దాన్ని శుభ్రం చెయ్యడానికి నెలకోసారి నేను వెళతాను. సాయంత్రం తిరిగొచ్చి వెనక గదిలోకి వెళితే జైలు జైల్లా లేదు. పైపు ముక్కలు తీసేసి ఉన్నాయి. తెల్లటి పగడపు కొమ్మలు, శంఖాలు, అడుగున పల్చగా గవ్వ ఇసుక. చేపలు వాటి మధ్య తిరుగుతూ క్యాలెండరు బొమ్మలా ఉన్నాయి.

"చెరువుల ఆయన భార్య వచ్చారమ్మా చేపలు చూడ్డానికి" అన్నారు నాన్న సంబరంగా. "ఫోన్ చేసి వస్తున్నామన్నారు. ఆ బోడి తొట్టి చూపిస్తే ఏం బాగుంటుంది? కాస్త అలంకరించా. ఆవిడ ఎంత మురిసిపోయారో!"

నేను రాగి టెస్ట్ చేశాను. చిక్కటి నీలం రావాల్సింది వెలిసిపోయిన చొక్కా రంగు వచ్చింది. పగడం రాగిని పీల్చేసింది. మందు ఉండాల్సినంత లేదు.

"అన్నీ కడిగే పెట్టానే" అన్నారు నాన్న నా మొహం చూసి.

"కడగడం కాదు నాన్నా. అవి మందు తాగేశాయి."

కొమ్మలూ ఇసుకా తీసేశాను. నీళ్ళు మార్చి మళ్ళీ మందు మోతాదుకి తెచ్చాను. కానీ తెగిన నెల తెగిందే. మళ్ళీ మొదటి నుంచి మొదలవ్వాలి. ముహూర్తం దాటిపోతుంది. ఆ మాట చెప్పగానే నాన్న ట్యాంగ్ వైపు వేలు చూపించారు.

"ఎక్కడే మచ్చలు? ఒక్కటైనా చూపించు. ఎప్పుడో రాలిపోయాయి."

రాలిపోయాయి. చేప నిగనిగలాడుతోంది. ఈ జబ్బు మోసమంతా అక్కడే. చేప మీద మచ్చ కనపడేది ఒంట్లో దూరిన పురుగు తిని బలిసినప్పుడు. బలిసి అది చేపని వదిలి అడుగుకి జారి గుల్ల కట్టుకుని కూర్చుంటుంది. అప్పుడు చేప శుభ్రంగా కనిపిస్తుంది. గుల్లలో ఒకటి వందలవుతుంది, గుల్ల పగిలి అవన్నీ మళ్ళీ చేపని వెతుక్కుంటాయి. రాగి మందు చంపగలిగేది ఆ వెతుక్కునే టైములో మాత్రమే. అందుకే మందు ఒక్క రోజు కూడా పల్చబడకూడదు. ఇదంతా నాన్నకి చెప్పాను. ఆయన విన్నారు. అర్థమైంది కూడా.

"నా వల్లే ఐంది కదమ్మా. తప్పు నాది. కానీ మాటిచ్చాను. ఇప్పటికి ఇచ్చేద్దాం. అక్కడ ఏమన్నా ఐతే మనమే వేరేవి పెడదాం."

"అక్కడి రాళ్ళకి జబ్బు అంటుకుంటే ఆ తొట్టిలో మందు వెయ్యడానికి కూడా ఉండదు. నేను పెట్టిన తొట్టి అది. నేను ఇవ్వను."

"నా మాట పోతుందే."

"మాట మీరిచ్చారు నాన్నా. చేపలు ఇవ్వాల్సింది నేను."

ఆ మాట ఆయనకి బాగా తగిలింది. తగలాలనే అన్నాను.

మర్నాడు చెరువుల ఆయనకి ఫోన్ చేసి చెప్పాను. ఆయన ఫోన్ పెట్టేశాడు. తిన్నగా కారేసుకుని వచ్చేశాడు. వెనక గదిలోకి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని, తొట్టి ముందు వంగి చాలాసేపు చూశాడు.

"ఏం రోగం చెల్లెమ్మా వీటికి? నాకంటే బాగున్నాయి."

"పైకి అలాగే ఉంటాయి అన్నయ్యగారూ" అని, నాన్నకి చెప్పిందంతా మళ్ళీ చెప్పాను.

ఆయన నీళ్ళు తెలియని మనిషి కాదు. అమోనియా, పీహెచ్ ఆయనకి వాతావరణం కబుర్లంత మామూలు. అందుకే నా మాట ఆయనకి మరీ కష్టంగా తోచింది. "చూడమ్మా, నేనూ పొద్దున లేస్తే నీళ్ళే చూస్తాను. చెరువులో చేపకి ఏదన్నా పడితే మందు చల్లుతాం, ఏరేటర్లు తిప్పుతాం. మేత తిన్నదంటే తగ్గినట్టే. నీ చేప మేత తింటోందా లేదా?"

"తింటోందండీ."

"మరింకేంటి?"

"మీ చెరువులో కొన్ని పోయినా మిగతావి తూకానికొస్తాయి. ఎండుంది, గాలుంది, అన్నెకరాల నీళ్ళున్నాయి. ఇక్కడ ఉన్నవే నాలుగు. మీ తొట్టిలో ఉండబోయేవీ ఆ నాలుగే. పోతే అన్నీ పోతాయి."

"పోతే పోనీ, నా డబ్బు. ముహూర్తానికి చుట్టాలొచ్చి ఖాళీ తొట్టి చూసిపోవాలా?"

"ఖాళీగా ఉంచండి. తర్వాత తెచ్చి వేస్తాను. జబ్బుందని తెలిసి నేనివ్వలేను."

ఆయన నాన్న వైపు తిరిగాడు. నాన్న గోడ వైపు చూస్తున్నారు. ఆయన మళ్ళీ నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, నా మంచి కోరి చెబుతున్నట్టే అన్నాడు. "ఆడపిల్లకి ఇంత మొండితనం పనికిరాదు చెల్లెమ్మా. ఇలా ఉంటేనే కాపురాలు నిలబడవు."

నాన్న తల ఇటు తిప్పారు. ఆయన ఏదో అనబోతున్నారని తెలిసి నేనే ముందు అన్నాను.

"కాపురం దగ్గర కూడా నేను ఇదే చెప్పానండీ. బాగా లేనిది బాగుందని చెప్పలేనని. అప్పుడూ చెప్పలేదు, మీకూ చెప్పను. మీరిచ్చిన అడ్వాన్సు నాన్న దగ్గరుంది, తీసుకెళ్ళండి."

తీసుకెళ్ళాడు. కారు తలుపు గట్టిగా వేసిన చప్పుడు వీధంతా వినిపించింది. ఆ సాయంత్రమే వేరే ఊరి డీలరుకి ఫోన్ చేసి చేపలు మాట్లాడేసుకున్నాడని తర్వాత తెలిసింది.

నాన్న ఆ తర్వాత కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. ఒకే కొట్లో ఆయన మంచినీళ్ళ వైపు, నేను ఉప్పునీళ్ళ వైపు. బజార్లో కూడా ఈ సంగతి పాకింది. పక్క కొట్టాయన "పెద్ద పార్టీని పోగొట్టుకున్నారట" అని నాతోనే అన్నాడు. "అవునండీ, పోగొట్టుకున్నాను" అన్నాను. ఆయన బీడీ వెలిగించుకున్నాడు.

ఇంతా చేసి నా జైల్లో ఏమైనా బాగుందా అంటే లేదు. సీతాకోక చేప మొదటి నుంచీ మేత సరిగ్గా తినేది కాదు. మందు మళ్ళీ పెంచాక అసలే మానేసింది. దాన్ని తినిపించాలని రకరకాల మేతలు వేసేదాన్ని. అది తిననిది అడుగున పడి కుళ్ళేది. ఒకరోజు పొద్దున టెస్ట్ ట్యూబు ఆకుపచ్చగా తిరిగింది. సగం నీళ్ళు మార్చాను. మర్నాడు మళ్ళీ ఆకుపచ్చే. స్పాంజి చాలడం లేదు. రాగి మందు స్పాంజిలోని సూక్ష్మజీవుల్ని కూడా నీరసపెట్టినట్టుంది. అమోనియాని కట్టేసే మందు సీసా అలమారలోనే ఉంది. కానీ రాగి ఉన్న నీళ్ళలో దాన్ని పోస్తే రాగే విషమౌతుంది. నీళ్ళు మార్చడం తప్ప దారి లేదు. లేదా ఇంకో స్పాంజి కావాలి, బాగా పాతబడింది, సూక్ష్మజీవులు పట్టింది. అలాంటిది నాకు తెలిసి ఒక్కచోటే ఉంది. తాడేపల్లిగూడెం డాక్టరు గారి తొట్టి వెనక, అవసరానికి ఉంటుందని నేనే ఎప్పుడో వేసి వదిలేసింది.

డ్రమ్ములో నీళ్ళు కలిపి మోటారు వేశాను. నాన్న దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. చాలా రోజుల తర్వాత ఆయనతో మొదటి మాట అది. "గూడెం వెళ్ళొస్తాను. తొట్టి చూస్తూ ఉండండి నాన్నా. ఏమీ వెయ్యొద్దు, ఏమీ ముట్టుకోవద్దు. చూస్తుంటే చాలు."

"సరే" అన్నారు.

రైల్లో తిరిగొచ్చేటప్పుడు స్పాంజిని దాని నీళ్ళతోనే స్టీలు క్యానులో పెట్టి ఒళ్ళో పట్టుకున్నాను. ఎదురుగా కూర్చున్న ఆవిడ "పాలాండీ?" అని అడిగింది. "ఉప్పునీళ్ళండీ" అన్నాను.

వెనక గదిలోకి వచ్చేసరికి నాన్న ప్లాస్టిక్ కుర్చీ తొట్టికి ఎదురుగా వేసుకుని కూర్చుని ఉన్నారు. ముందు గది తలుపు దగ్గరికేసి ఉంది, అంటే కొట్టు కూడా మూసేశారు.

"ఆ పసుపుది పక్కకి ఒరిగిందమ్మా. నేనేం ముట్టుకోలేదు."

సీతాకోక చేప పైపు ముక్కకి ఆనుకుని ఒక పక్కగా పడి ఉంది. మొప్ప ఆడటం లేదు. పక్కనే డ్రమ్ములో కలిపిన నీళ్ళు సిద్ధంగా ఉన్నాయి. రెండు బకెట్లు మార్చి ఉంటే బతికేదేమో. బతికేది కాదేమో కూడా. నాన్న మొహం చూశాను. మార్చాలని ఆయనకి తెలుసు. నలభై ఏళ్ళుగా చేపలు పెంచుతున్న మనిషి. నేను వద్దన్నానని చేతులు కట్టుకు కూర్చున్నారు.

"మంచి పని చేశారు" అన్నాను.

అది ఆయన్ని ఓదార్చడానికి అన్న మాట కాదు. మళ్ళీ అలాంటి రోజు వస్తే మళ్ళీ ముట్టుకోవద్దనే చెబుతాను. రాగి లెక్క తెలియకుండా నీళ్ళు మారిస్తే మిగిలిన మూడూ మొదటికొస్తాయి. చేపని వలతో తీశాను, తెచ్చిన స్పాంజి పెట్టాను. నాన్న లేచి మార్చడానికి బకెట్లు అందించారు. ఆ రోజు నుంచి మేం మళ్ళీ మాట్లాడుకోవడం మొదలైంది. వారం తిరక్కుండా ట్యూబు మళ్ళీ పసుపులోకి వచ్చింది.

గృహప్రవేశానికి మమ్మల్ని పిలిచారు. శుభలేఖ తెచ్చింది ఆయన భార్య. నేను వెళ్ళనన్నాను. "పిలిచినప్పుడు వెళ్ళకపోతే భయపడ్డావంటారు" అన్నారు నాన్న. అంతే, లేచి చీర మార్చుకున్నాను.

కైకలూరు మీదుగా బస్సులో వెళ్ళాం. ఆ ఏడు కొల్లేట్లో నీళ్ళు బాగా ఉన్నాయి. రోడ్డుకి రెండు పక్కలా నీళ్ళే, కొంగలే. ఆకివీడు చేరేసరికి ఇంటి ముందు షామియానా, లోపల పట్టుబట్టలు, వ్రతం పొగ. హాల్లో నేను పెట్టిన తొట్టి నిండా చేపలు. నా ట్యాంగ్ కంటే పెద్ద ట్యాంగ్, నాలుగు క్లౌన్లు, ఇంకా నేను తెప్పించడానికి కూడా సాహసించని రకాలు. పిల్లలు గాజుకి ముక్కులు ఆనించారు. పెద్దవాళ్ళు ఫోన్లు పట్టుకున్నారు. నిజంగా చాలా అందంగా ఉంది.

నేను చూస్తుండగా ట్యాంగ్ గిరుక్కున తిరిగి రాతికి ఒళ్ళు రుద్దుకుంది. కాసేపాగి మళ్ళీ రుద్దుకుంది. నాన్న కూడా చూశారు. చూసి నా మోచెయ్యి పట్టుకున్నారు, ఇప్పుడొద్దు అన్నట్టు.

నేను ఊరుకునేదాన్నేమో. చెరువుల ఆయనే ఊరుకోలేదు. నన్ను చూడగానే చుట్టాల మధ్య నుంచే గట్టిగా అడిగాడు. "ఏం చెల్లెమ్మా, ఎలా ఉన్నాయి మా చేపలు?"

"నీలంది రాతికి ఒళ్ళు రుద్దుకుంటోంది అన్నయ్యగారూ. నాలుగు రోజుల్లో మచ్చలు తేలతాయి. ఈలోపే వేరే తొట్టిలోకి తీయించండి."

ఎవరో పెద్దావిడ "శుభమా అని ఇల్లు చేరుతుంటే ఏం మాటలమ్మా అవి" అంది. ఆయన మాత్రం పెద్దగా నవ్వాడు. "దురద పెట్టుంటుందమ్మా. ఈ పట్టుపంచె కట్టుకున్న దగ్గర్నుంచి నాకూ పెడుతోంది!" అందరూ నవ్వారు. నాన్న నా మోచెయ్యి వదిలేశారు. నాకు చెవులు వేడెక్కిపోయాయి. కానీ ఇంటికి వెళ్ళిపోలేదు. బంతిలో కూర్చుని అన్నీ వడ్డించుకుని తిన్నాను. పూర్ణం బూరె రెండోది అడిగి వేయించుకున్నాను. పెరుగు వడ్డించడానికి ఆయన భార్య వచ్చి, నా ఆకు మీదికి వంగి, నెమ్మదిగా అడిగింది.

"నిజమేనా?"

"నిజమే వదినగారూ."

మచ్చలు తేలాయి. కొన్ని చేపలు పోయాయి. ఇక్కడ కథ నా వైపు తిరిగిందని చెప్పాలని నాక్కూడా ఉంది, కానీ అలా జరగలేదు. పోయినవాటి స్థానంలో ఆయన కొత్తవి తెప్పించుకున్నాడు. ఆ పెద్ద ట్యాంగ్ తట్టుకుని బతికింది. కొన్ని నెలల తర్వాత దాని వీడియో తీసి నాన్న ఫోనుకి పంపాడు. కింద "మీ అమ్మాయికి చూపించండి" అని. చూశాను. దిట్టంగా, నిగనిగలాడుతూ, తొట్టంతా తనదే అన్నట్టు తిరుగుతోంది. కొన్ని చేపలు అలా బతుకుతాయి. జబ్బు ఆ తొట్టిలోనే ఉంటుంది, ఆ చేప దానికి అలవాటు పడుతుంది. కొత్తగా ఏది వేసినా దానికి అంటుతుంది. కానీ చూసేవాళ్ళకి కనపడేది బతికిన చేపే. ఊళ్ళో వాళ్ళ లెక్కలో ఆయన గెలిచాడు, నేను ఒక చేపనీ ఒక పార్టీనీ పోగొట్టుకున్నాను. ఆ లెక్క తప్పని నేను ఎవరికీ చెప్పలేదు. నా పద్ధతి కూడా మార్చుకోలేదు. అదృష్టం బాగుండి బతికిన చేపని చూపించి వ్యాపారం చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఇంకొకరు అక్కర్లేదు.

ఈలోగా నా నెల ఎప్పుడో పూర్తయింది. మందు తీసేశాక కూడా కొన్నాళ్ళు చూసి, జంట క్లౌన్లనీ ట్యాంగ్‌నీ ముందు గదిలోకి తెచ్చాను. ఆ వీడియో వచ్చిన కొన్నాళ్ళకి ఒకరోజు మధ్యాహ్నం కారు ఆగింది. చెరువుల ఆయన భార్య ఒక్కర్తే దిగింది. చేతిలో మంచినీళ్ళ సీసా. బల్ల మీద పెట్టి కూర్చుంది.

"మేడ మీద నా గదిలో చిన్న తొట్టి పెట్టించుకున్నానండీ. కింద తొట్టిలో పెట్టిన చెయ్యి మేడ మీద పెట్టనివ్వను ఆయన్ని. వల కూడా వేరే. ఆ క్లౌన్ల జంట నాకు కావాలి."

"ఈ సీసా ఏంటండీ?"

"తొట్టిలో నీళ్ళు. మీరు అడుగుతారుగా."

నాన్న నవ్వు ఆపుకోలేక మొహం పక్కకి తిప్పుకున్నారు. నేను ట్యూబులో పోసి చుక్కలు వేశాను. లేత ఆకుపచ్చ. తొట్టి ఇంకా కుదుటపడలేదు.

"ఇప్పుడివ్వలేనండీ. ఇంకో పది పన్నెండు రోజులు పోనివ్వండి, మళ్ళీ నీళ్ళు తీసుకురండి."

ఆవిడ మొహం ఎర్రబడింది. "ఆకివీడు నుంచి దీని కోసమే వచ్చానండీ."

"తెలుసండీ."

"ఆయనతో పోట్లాడి పెట్టించుకున్నాను ఆ తొట్టి."

"ఐనా ఇవ్వలేనండీ."

ఆవిడ నన్నూ ట్యూబునీ మార్చి మార్చి చూసింది. "ఆయన చెప్పింది నిజమే. మీరు మహా మొండివారు" అని లేచింది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, చేపల్లేని ఉత్త తొట్టి ఎలా కుదుటపడుతుందో అడిగింది. చెప్పాను. చెప్పిందంతా డ్రైవరు విసుక్కునేదాకా రెండుసార్లు అడిగి నేర్చుకుంది.

మళ్ళీ వచ్చినప్పుడు ట్యూబు పసుపు తిరిగింది. జంట క్లౌన్లని కవర్లో పెట్టి, నాన్నే ఆక్సిజన్ పట్టి, రబ్బరు బ్యాండు మెలితిప్పి బిగించారు. ఆవిడ వెనక సీట్లో కూర్చుని కవరు ఒళ్ళో పెట్టుకుంది. కైకలూరు దాకా గతుకులున్నాయి, మెల్లగా పోనివ్వమని డ్రైవరుకి నాలుగుసార్లు చెప్పింది.

కారు వెళ్ళగానే నాన్న కళ్ళజోడు తుడుచుకుని ఫోన్ తీశారు.

"ఎవరికి నాన్నా?"

"చెరువుల ఆయనకి. మీ ఆవిడ మా దగ్గరే చేపలు కొన్నారండీ, రెండుసార్లు తిరిగి మరీ కొన్నారు అని చెప్పొద్దూ?"

"వద్దు నాన్నా. బాగోదు."

"ఎందుకు బాగోదు? ఆ వీడియో పంపినప్పుడు ఆయనకి బాగుందా?"

అప్పటికే అవతల ఎత్తినట్టున్నారు. నాన్న కుర్చీలో సర్దుకుని, కాళ్ళు చాపుకుని, గొంతులో ఉన్న మర్యాదంతా పోగుచేసుకుని మొదలుపెట్టారు.

"ఏవండీ, నమస్కారమండీ. ఎలా ఉన్నారండీ? మీ నీలం చేప బాగుందాండీ?"